నీళ్ల కిలోలు

డయాలసిస్ గది,
కిటికీ పక్క మంచం.

పీపా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటున్నావేమో. ఫోన్ ఉంది, నోట్లో తడి లేదు. రోజు మొత్తానికి నాకు రెండు గ్లాసుల నీళ్లు రాసిచ్చారు. మాత్రలు మింగడం కూడా అందులోనే. నాలుగు మాటలు మాట్లాడేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోతోంది. ఇక్కడ ఎడమ చేతిని మిషన్‌కి తగిలించి వదిలేస్తారు, కుడి చేతికి పనుండదు. ఇన్నేళ్లు కత్తెర పట్టిన చెయ్యి ఊరికే పడి ఉండలేదు కదా, అందుకని నీకు రాస్తోంది.

మీ బావ నీ దగ్గర్నుంచి తిరిగొచ్చి చెప్పారు, కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకున్నావట. సంతోషం. ఆయనే ఇద్దామనుకున్నారు కానీ ఆయన రక్తం నాకు పడదన్నారు డాక్టర్లు. ఇంతకాలం కాపురం చేశాక నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. నీది పడింది. పడకేం చేస్తుంది, ఒక కడుపున పుట్టినవాళ్లం.

అయితే ఇక్కడి డాక్టర్లు ఇంకో మాట కూడా అన్నారు. నువ్వు ఇప్పుడున్న లావుకి నీ మీద కత్తి పెట్టరట. పన్నెండు కిలోలు తగ్గి రావాలి. మీ బావ మొహమాటపడి నీతో చెప్పలేకపోయారు. నాకు మొహమాటం లేదు, అందుకే చెబుతున్నాను. ఇన్నాళ్లూ నా దుకాణంలో గుడ్డ నీ ఒంటికి సరిపోయేది కాదు. ఇప్పుడు నా ప్రాణం కూడా నీ ఒంటి దగ్గర ఆగింది.

నా గుండె నెమ్మదిగా అలిసిపోతోందట. అది మరీ అలిసిపోతే నాకు కిడ్నీ పెట్టడం కూడా కుదరదన్నారు. కాబట్టి నోరు కట్టుకో. నీకది కొత్త విద్యే, అయినా నేర్చుకో.

అక్క.

---

పార్సిల్ ఆఫీసు,
తూకం బల్ల.

సూదక్కకు,

ఉత్తరం అందింది. గుచ్చడానికి సూదే అక్కర్లేదు నీకు, పెన్ను చాలు.

బావ ఏం చెప్పారో కానీ, నేను ఒప్పుకున్న సంగతి నేను చెబుతాను విను. మా అత్తగారి పుట్టినరోజని ఇంట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం. పిలవకపోయినా బావ వచ్చారు. వడ్డన సగంలో ఉండగా నా కుర్చీ పక్కన నిలబడి, కళ్లు తుడుచుకుంటూ అడిగారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులు ఆపేసి నా వైపు చూశారు. నా నోట్లో ముద్ద ఉంది. మింగి, సరే అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్తగారు, "ఒంట్లో ఇంత పెట్టుకుంది, ఒక ముక్క తీస్తే దానికేం తరుగుతుంది" అన్నారు. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను.

సరే, తగ్గుతున్నాను. ఆస్పత్రి డైటీషియన్ ఇచ్చిన కాగితం వంటింటి తలుపుకి అంటించాను. రొట్టె సగానికి సగం, ఉప్పు చిటికెడు, తీపి బంద్. పొద్దున్నే పార్సిళ్లు రాకముందు ఇక్కడి పెద్ద కాటా ఎక్కి చూసుకుంటున్నాను. ముద్రలు వేసే గుమాస్తా చూసి, "అడ్రసు చెప్పమ్మా, స్టాంపులు అంటించేస్తాను" అన్నాడు. నిజమే, నన్ను కట్టకట్టి నీకు పంపేస్తే అందరికీ సుఖం.

అసలు విషయం చివర్లో చెబుదామని దాచాను. మొదటి వారంలోనే మూడున్నర కిలోలు తగ్గాను అక్కా. నమ్మలేక కాటా మీంచి దిగి మళ్లీ ఎక్కాను. ఆఫీసులో అందరికీ చెప్పాను. మా ఆయన కూడా పేపరు పక్కన పెట్టి ఒకసారి నా వైపు చూశారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా ఒళ్లు నా మాట విన్నది. ఈ లెక్కన నెల తిరక్కుండానే నీ పని అయిపోతుంది.

నీ చెల్లి.

---

డయాలసిస్ గది,
కిటికీ పక్క మంచం.

పీపా,

నీ ఉత్తరం చదివి నర్సుకి కూడా వినిపించాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే పెదవి పగిలి నెత్తురొచ్చింది నాకు.

అందరికీ చాటింపు వేయకముందు నన్నొక మాట అడగాల్సింది. నీకు తగ్గింది కొవ్వు కాదు, నీళ్లు. తిన్న రొట్టెలో ఉన్న చక్కెరని ఒళ్లు కొంత కాలేయంలో, కొంత కండల్లో దాచుకుంటుంది. దాన్ని పొడిగా దాచుకోదు, ఒక వంతు చక్కెరకి మూడు వంతుల నీళ్లు పట్టి నానబెట్టినట్టు దాచుకుంటుంది. నువ్వు తిండి తగ్గించగానే ఆ నిల్వ ఖర్చయిపోయింది, దాంతోపాటు నీళ్లూ బయటికి పోయాయి. ఉప్పు తగ్గించావు, అది పట్టి ఉంచే నీళ్లు కూడా పోయాయి. అంతే. నీ కొవ్వు నీ దగ్గరే భద్రంగా ఉంది, దిగులు పడకు. రెండు పూటలు కడుపునిండా తిను, ఆ మూడు కిలోలూ మళ్లీ వచ్చి కూర్చుంటాయి. వచ్చే వారం నుంచి అరకిలో తగ్గితే నువ్వు గొప్పదానివి.

ఈ విద్యలో నాకన్నా తెలిసినవాళ్లు మన చుట్టాల్లో లేరు. నన్ను ఇక్కడ మిషన్ ఎక్కించేముందు ఒకసారి తూస్తారు, దించాక ఒకసారి తూస్తారు. మధ్యలో తేడా అంతా నేను తాగి బయటికి పంపలేకపోయిన నీళ్లు. ఆ నీళ్లన్నీ తీసేశాక మిగిలేదాన్ని పొడి బరువు అంటారు, మనిషి అసలు బరువు అదేనట. లీటరు తాగితే కిలో ఎక్కుతుంది, అది వెంటనే. కాటాకి కళ్లు లేవు పీపా. దాని మీద నిలబడింది మాంసమో, కొవ్వో, ఇందాక తాగిన నీళ్లో దానికి తెలియదు. అంకె చూసి నువ్వు గంతులేస్తున్నావు, నేను అంకె చూసి ఎవరికి ఎంత దాహమో చెప్పగలను.

గంతులు ఆపి పని చూడు. పన్నెండు కిలోలంటే పన్నెండు కిలోల కొవ్వు. నీళ్లు నాకు లెక్కలేదు.

అక్క.

---

పార్సిల్ ఆఫీసు,
తూకం బల్ల.

సూదక్కకు,

నువ్వు చెప్పింది డైటీషియన్ని అడిగాను. అక్షరాలా నిజమేనంది. "మొదటి వారం తగ్గేది చాలామందికి నీళ్లేనండీ, అది చూసి పొంగిపోయి, రెండో వారం కుంగిపోయి మానేస్తారు" అంది. ఆవిడ కూడా అదే మాట చెప్పింది కానీ మెత్తగా చెప్పింది. మాటని మెత్తగా చెప్పడానికి ఖర్చేమీ అవదని ఆవిడ్ని చూశాకే తెలిసింది.

ఈ వారం అరకిలో తగ్గాను. గుమాస్తా ఎంత తగ్గావని అడిగితే చెప్పలేదు. మా ఆయన మళ్లీ పేపరు తీసుకున్నారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీళ్ల గురించి రాసిన భాగమైతే ఇంకా ఎక్కువసార్లు చదివాను. నువ్వు పాఠం చెబితే బాగా ఎక్కుతుంది అక్కా, చిన్నప్పటి నుంచీ అంతే.

ఒక సంగతి అడగాలని ఎప్పటి నుంచో ఉంది. నా పెళ్లికి జాకెట్టు నువ్వే కుట్టావు. నన్ను దుకాణంలో నిలబెట్టి, టేపు చుట్టి, వినేవాళ్లుండగా కొలతలు పైకి చదివావు. తీరా పెళ్లిరోజున నలుగురిలో చెయ్యి ఎత్తగానే చంక కింద నుంచి నడుం దాకా కుట్టు పిగిలిపోయింది. నా పక్కనే నిలబడి నువ్వు, "మా పీపా కట్లు తెంచుకుంది" అన్నావు. ముందుగా నవ్వింది మా ఆయన. ఆ పేరు నాకన్నా ముందు నా అత్తారింట్లో కాపురానికి వెళ్లింది, ఇప్పటికీ అక్కడే ఉంది. తరవాత ఆ జాకెట్టు విప్పి చూశాను. ఎవరి బట్టలకైనా లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి కుడతావు కదా, అవసరమైతే వదులు చేసుకోవడానికి. నా జాకెట్టులో వేలెడు కూడా వదల్లేదు. ఎందుకు వదల్లేదు?

నీ చెల్లి.

---

డయాలసిస్ గది,
కిటికీ పక్క మంచం.

పీపా,

చచ్చేవాళ్ల దగ్గర పాత గుడ్డల పంచాయతీ పెట్టావా?

కొలతలు తీసిన రోజుకీ పెళ్లికీ మధ్య నువ్వు ఒళ్లు చేశావు. నా కుట్టు ఎన్నడూ తప్పలేదు. ఊళ్లో ఎవరినైనా అడుగు.

ఇక్కడి సంగతి విను. నా పక్క మంచం మీద ఒక గడియారాల మెకానిక్ ఉండేవాడు. గంటకోసారి, "అక్కగారూ, టైమెంత" అని నన్నే అడిగేవాడు. అదే మా ఇద్దరికీ వేళాకోళం. అతనికి తమ్ముడు మొదట కిడ్నీ ఇస్తానన్నాడు, తరవాత ఆలోచించుకుని చెబుతానన్నాడు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. మొన్న నేను వచ్చేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. నర్సుని అడిగితే నా రక్తపోటు చూడటానికి వచ్చినట్టు నటించింది.

నా కాళ్లు సాయంత్రానికి దిమ్మల్లా అవుతున్నాయి. చెప్పుల్లో పట్టడం లేదు. రెండు దిండ్లు పెట్టుకుంటే తప్ప ఊపిరి ఆడటం లేదు. ఐసు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, అది కరిగిపోకుండా బుగ్గ మార్చుకుంటూ కూర్చుంటున్నాను. ఎదురుగా గోడకి జలపాతం బొమ్మ ఉన్న కేలెండరు తగిలించారు. ఎవరి తెలివో తెలియదు, తీసేయమని పోట్లాడాను.

కాబట్టి నువ్వు కంచం ముందు కూర్చున్నప్పుడల్లా నా మొహం తలుచుకో. ఆకలి అదే చచ్చిపోతుంది. చిన్నప్పుడు నా వాటా కూడా నువ్వే తినేదానివి, ఇప్పుడైనా కొంచెం వెనక్కి ఇవ్వు.

అక్క.

---

పార్సిల్ ఆఫీసు,
తూకం బల్ల.

అక్కకు,

ఆస్పత్రికి వెళ్లొచ్చాను. బావే కారులో తీసుకెళ్లారు. మొత్తం మీద నాలుగు కిలోలే తగ్గానని చెప్పారు. మొదటి వారం పోయిన నీళ్లు కూడా కొన్ని తిరిగొచ్చినట్టున్నాయి, నువ్వు అన్నట్టే.

డైటీషియన్ కాగితం తిరగేసి, మరగేసి, "ఇన్ని నెలలు ఇలా తింటే ఇంతకన్నా తగ్గాలే" అంది. ఏం చెప్పను? ఒక్కొక్కరి ఒంటి తత్వం ఒక్కోలా ఉంటుందేమో అన్నాను. దిగులు పడొద్దంది. కాటా దిగగానే బాత్రూముకి వెళ్లొచ్చి, బావ దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చాను. పాపం బావ, నన్ను ఓదార్చలేక తన రుమాలు ఇచ్చారు.

నువ్వేం బెంగ పెట్టుకోకు. ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాను. ఐసు ముక్కలు జాగ్రత్త, పళ్లు జివ్వుమంటాయి.

నీ చెల్లి.

---

ఇల్లు,
ముందు గది.

చెల్లీ,

ఇవాళ మిషన్ లేదు. ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. దుకాణం మూసేశాం. కత్తిరించి పెట్టిన గుడ్డలు అలాగే ఉన్నాయి, వాటి వాళ్లు వచ్చి కుట్టకుండానే పట్టుకుపోతున్నారు.

డాక్టరు గుండె పరీక్ష కాగితాలు చూసి, ఇక ఆలస్యం చేస్తే ఆపరేషన్ మాట మరిచిపోవాల్సిందేనన్నాడు. మీ బావ బయటికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చారు. ఆయన కడుక్కున్న నీళ్ల చప్పుడు వింటూ కూర్చున్నాను నేను.

నిన్ను తిట్టాలని పెన్ను తీశాను. బల్ల కింద దాచుకుని తింటున్నావా, ఆఫీసు పక్క బేకరీ చుట్టూ తిరుగుతున్నావా అని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. నాకు భయంగా ఉంది. పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది, లేచి కూర్చుంటే ఇంట్లో అందరూ నిద్రపోతుంటారు. ఇంకో నాలుగేళ్లు బతకాలని ఉంది. పెద్దగా పనేమీ లేదు, ఊరికే బతకాలని ఉంది. కుండలో నీళ్లు ముంచుకుని, లెక్కపెట్టుకోకుండా తాగాలని ఉంది.

నేను ఎవరినీ ఇలా అడిగినదాన్ని కాదని నీకు తెలుసు. దయచేసి తగ్గు.

అక్క.

---

పార్సిల్ ఆఫీసు,
తూకం బల్ల.

అక్కకు,

నీ ఉత్తరంలో 'దయచేసి' అన్నచోట సిరా కొంచెం అలికింది. చెమటో, కన్నీళ్లో తెలియలేదు. నీ ఒంట్లో ఉన్న నీళ్లన్నీ వాళ్లు తీసేస్తున్నారు కదా, కన్నీళ్లు ఎక్కడివా అనుకున్నాను.

మళ్లీ తూకానికి వెళ్లాను. ఈసారి అరకిలో పెరిగానట. నాకే సిగ్గేసింది. డైటీషియన్ ఇంకో కాగితం రాసిచ్చింది, తలుపు మీద చోటు లేదు.

ఏం చేయనక్కా? నా ఒళ్లు ఎప్పుడు నీ మాట విన్నది గనక.

నీ చెల్లి.

---

డయాలసిస్ గది,
కిటికీ పక్క మంచం.

మీ బావ నిన్ను దింపి వచ్చాక, నువ్వు ఎలా ఉన్నావని అడిగాను. నీ మీద జాలిపడుతూ చెప్పారు. "పాపం, కొత్త బట్టలు కూడా కొనుక్కోలేదు. నడుం దగ్గర గుడ్డ మడతపెట్టి పిన్నీసు గుచ్చుకుంది" అన్నారు.

ఆయనకి గుడ్డ సంగతి తెలియదు. నాకు తెలుసు. నడుం దగ్గర మడతపెట్టి పిన్నీసు ఎవరు గుచ్చుకుంటారు? తగ్గినవాళ్లు. అరకిలో పెరిగినవాళ్లకి పిన్నీసుతో పనేమిటి? ఎంత మడత అని అడిగాను. వేళ్లతో చూపించారు. ఆ మడతని బట్టి నువ్వు ఎంత తగ్గావో నాకు అప్పుడే తెలిసిపోయింది.

ఇంకో మాట కూడా చెప్పారు. పోయినసారీ, ఈసారీ నువ్వు కాటా దిగీ దిగగానే బాత్రూముకి పరుగెత్తావట. ఈసారి కారు ఎక్కాక కూడా దారిలో రెండుచోట్ల ఆపించావట. "నీరసం వల్ల అయి ఉంటుంది" అన్నారు ఆయన.

నువ్వు నీళ్లు తాగి కాటా ఎక్కుతున్నావు.

ఎంత తాగావు? పెద్ద సీసాలు మూడా, నాలుగా? గేటు బయట నిలబడి తాగావా, ఆస్పత్రి కుళాయి దగ్గరే తాగావా? గొంతులోంచి చల్లగా దిగుతుంటే ఎలా ఉంది? వేరే ఏ దారీ దొరకలేదా నీకు? విషమైనా ఇంత బాధ ఉండేది కాదు. నేను ఐసు ముక్క చప్పరిస్తూ, నువ్వు కిలో తగ్గిందని రాస్తావేమోనని ఎదురుచూస్తుంటే, నన్ను చంపడానికి నువ్వు నీళ్లు తాగావు. అది కూడా నేను నేర్పిన పాఠంతో.

ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని ఆ బల్ల దగ్గరే చెప్పాల్సింది. నీకు ఆ దమ్ము లేదు. చెడ్డదానివి అనిపించుకోకుండా చెడ్డపని చేయాలి నీకు, ఆ నేరం కాటా మీద పడాలి. ఆ డైటీషియన్ ఒక్కసారి నీ నడుముకి టేపు చుట్టి ఉంటే దొరికిపోయేదానివి. టేపు నీళ్లకి మోసపోదు.

వచ్చే నెల తూకానికి పొద్దున్నుంచీ మీ బావ నీ పక్కనే కూర్చుంటారు. గ్లాసు ముట్టుకోనివ్వరు. పొడి బరువు చూద్దాం నీది కూడా.

---

పార్సిల్ ఆఫీసు,
తూకం బల్ల.

సూదక్కకు,

అవును, తాగాను. బావ లోపల చీటీ కోసం వరుసలో నిలబడి ఉండగా, ఆస్పత్రి ఎదురుగా ఉన్న పార్కు కుళాయి దగ్గర సీసాలు నింపుకుని తాగాను. చల్లగానే ఉన్నాయి. రెండోసారి నీ ఉత్తరం సంచిలోనే ఉంది. నువ్వు 'దయచేసి' అన్నది చదివి నాకు నిజంగానే జాలేసింది. ఆ జాలి దిగడానికి ఇంకో సీసా తాగాను.

తగ్గడం మాత్రం నిజంగానే తగ్గాను. ఒక్క పూట తప్పలేదు, ఒక్క చిటికెడు ఉప్పు ఎక్కువ వేసుకోలేదు. ఇక్కడి కాటా మీద అంకె దిగుతుంటే నాకు అదొక పిచ్చి సంతోషం. తగ్గడం నాకోసం తగ్గాను. తాగడం నీకోసం తాగాను.

నీ మాట ప్రకారం బావ పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. నేను గ్లాసు ముట్టుకోలేదు. ఆస్పత్రి కాటా పన్నెండు కిలోలు దాటి తగ్గానంది. డైటీషియన్ నన్ను కౌగిలించుకుంది. బావ అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చారు. ఆ సాయంత్రం ఆయన నీ దగ్గరికి ఏ మొహంతో వచ్చి ఉంటారో నేను ఊహించుకోగలను.

తరవాత సంగతి ఆయనకి తెలియదు. కిడ్నీ ఇచ్చే ప్రతివాళ్లనీ ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి డాక్టరు ఒక ప్రశ్న అడుగుతుందట. నన్నూ అడిగింది. "ఇది మీ ఇష్టమేనా? వద్దంటే ఎవరికీ తెలియనివ్వం. పరీక్షల్లో సరిపోలేదని చెప్పేస్తాం." ఇంత సులువైన దారి ఉందని ముందే తెలిస్తే అన్ని నీళ్లు తాగే బాధ తప్పేది నాకు. ఇవ్వనన్నాను. సరిపోలేదని మాత్రం చెప్పకండి, మా అక్కకి నేనే రాస్తానన్నాను. నాకు దమ్ము లేదన్నావు కదా.

ఎందుకంటే చెబుతాను. కత్తి అంటే భయం నాకు, అది కొంత. మిగతాదంతా నువ్వు. నా ఒంట్లో ప్రతి అంగుళాన్నీ నలుగురికీ చదివి వినిపించావు. ఆ ఒంట్లోంచి ఒక ముక్క తీసి, నవ్విన ఒంట్లో పెట్టలేను. అందులో నువ్వు తప్పులు వెతుకుతావు.

ఈ ఉత్తరంతోపాటు ఒక పార్సిల్ పంపుతున్నాను. తూకం నేనే వేశాను. నా జాకెట్లు ఆరు, అన్నీ వదులైపోయాయి. తగ్గించి పంపు. అడుగున పెళ్లి జాకెట్టు కూడా పెట్టాను, కుట్టు పిగిలినదే. అదెలా బాగుచేస్తావో చూడాలని ఉంది. కొత్త కొలతలు కాగితం మీద రాశాను, ఈసారి ఎవరూ వినకుండా నువ్వొక్కదానివే చదువుకో.

నీ చెల్లి.

---

ఇల్లు,
కుట్టు మిషన్ ముందు.

చెల్లెలికి,

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. వేళ్లు ఉబ్బాయి, ఉంగరం కోయించి తీశారు.

ఈ ఒంటితో నీకు కుట్టుపనా అని పార్సిల్ పొయ్యిలో పెడతానన్నారు మీ బావ. ఆయన చేతిలోంచి లాక్కున్నాను. వచ్చిన పని వెనక్కి పంపడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు. నీ ఉత్తరం ఆయనకి చూపించలేదు. చివరి పరీక్షలో సరిపోలేదట అని చెప్పాను. నీ కోసం కాదు, ఆయన ఇంకా నాలుగు రోజులు నా ముందు నవ్వుతూ తిరగాలి.

గుండె సంగతి నిన్న తేల్చేశారు. ఇప్పుడు ఎవరు వచ్చి ఇస్తామన్నా పెట్టరట. నీ మనసు మారినా పనికిరాదు, కాబట్టి మార్చుకునే శ్రమ పెట్టుకోకు. నిన్ను క్షమిస్తున్నానని రాస్తే హాయిగా నిద్రపోతావు, అందుకని రాయడం లేదు.

జాకెట్లు ఆరూ తగ్గించాను. మిషన్ తొక్కడానికి కాళ్లు రాక చేత్తోనే కుట్టాను. ఒక్కోదానికి రెండు రోజులు పట్టింది. నీ కొలతల కాగితం మూడుసార్లు చదివాను, పెదవి కదపలేదు.

పెళ్లి జాకెట్టు విప్పాల్సిన పని గానీ, తగ్గించాల్సిన పని గానీ లేదు. పిగిలినచోట పాత గీత మీదే కుట్టు వేశాను. నువ్వు రాసిన కొత్త కొలతలు పెట్టి చూశాను. కొలత కుదిరింది, వెంట్రుకవాసి తేడా లేదు. ఇన్నాళ్లకి నీకు సరిపోతుంది, వేసుకో.

మిగతా ఆరింటికీ మాత్రం లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలాను. నువ్వు మళ్లీ ఒళ్లు చేస్తావు, నాకు తెలుసు. అప్పుడు విప్పి వదులు చేయడానికి నేనుండను. వేరే ఎవరి చేతనైనా విప్పించుకో.

అక్క.